కోళ్లు ఎందుకు చనిపోయాయి?

ఇంట్లో పెంచుకునే కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే మన వాడల్లో మొదట వచ్చే ప్రశ్న "ఎవరు చేశారు?" అనే. "ఎందుకు జరిగింది?" అనే ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. ఒక్కోసారి రానే రాదు. రెండు ప్రశ్నలూ దగ్గరగానే కనిపిస్తాయి. కానీ మొదటిది ఒక మనిషి గుమ్మం ముందుకు తీసుకుపోతుంది. రెండోది జరిగిన సంగతి దగ్గరకు తీసుకుపోతుంది. 2025 ఫిబ్రవరిలో మా పెరట్లో పది కోళ్లు చనిపోయినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో చూశాం. పోయినవి కోళ్లే అయినా, ఆ రెండు రోజుల్లో ఒక ముసలమ్మ తల దాచుకునే గది కూడా పోయేదే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేముండేది గుజరాత్‌లోని సూరత్ జిల్లా పల్సానాలో. సూరత్ నగరానికి ఆగ్నేయంగా, ముంబై – అహ్మదాబాద్ జాతీయ రహదారి మీద ఉన్న తాలూకా కేంద్రం ఇది. ఒకవైపు బట్టలకు రంగులద్దే మిల్లులు, మరోవైపు చెరకు తోటలు. సూరత్ తెలుగువాళ్లంటే లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల మీద పనిచేసే వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాలవాళ్లు అందరికీ గుర్తొస్తారు. మిల్లులు నగరం దాటి ఇటు విస్తరించిన కొద్దీ మాలాంటి కుటుంబాలు కొన్ని ఇటు వచ్చి చేరాయి. మా ఇద్దరిలో ఒకరికి మిల్లులో షిఫ్టు పని. మరొకరు ఇంట్లోనే చీరలకు లేసు కుడతారు. పొడుగ్గా ఒకే రేకుల కప్పు కింద పన్నెండు రూములు. తెలుగువాళ్లం నాలుగు ఇళ్లు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీ బౌద్ధ కుటుంబాలు ఐదు, ఒడియావాళ్లు మూడు. రూముల వెనక పది అడుగుల జాగా, దాని తర్వాత ఒక గట్టు, గట్టు అవతల పొలం. ఆ పొలం మూడేళ్లుగా బీడుగానే ఉంది. అందరి కోళ్లూ, మేకలూ అక్కడే తిరిగేవి.

మాకు పద్నాలుగు నాటుకోళ్లు ఉండేవి. ఒక పుంజు, ఎనిమిది పెట్టలు, ఐదు ఎదిగిన పిల్లలు. గుడ్లు పిల్లల తిండికి పోగా మిగిలినవి రూముల్లోనే అమ్మేవాళ్లం. నెల చివర పగారు అయిపోయాక ఆ గుడ్ల డబ్బులతోనే కూరగాయలు వచ్చేవి. కోళ్లు పోవడమంటే మాకు ఏమిటో పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ రోజు ఉదయం ఏడు గంటలకు గూడు తెరిచాం. అన్నీ బాగానే బయటికి వెళ్లాయి. పది గంటలకు పుంజు గట్టు దిగి వస్తూ పక్కకు ఒరిగింది. లేచి నాలుగు అడుగులు వేసి మళ్లీ పడింది. ముక్కు నుంచి జిగురు లాంటి నీళ్లు కారుతున్నాయి. కాళ్లు వెనక్కి చాచి కొట్టుకుని పావుగంటలో ప్రాణం వదిలింది. ఆ వెనకే పెట్టలు. మధ్యాహ్నానికి ఐదు, సాయంత్రం దీపాల వేళకు తొమ్మిది పోయాయి. ఒక పెట్ట, ఒక పిల్ల గోడ పక్కన రెక్కలు వాల్చి వణుకుతూ ఉన్నాయి.

జనం పోగయ్యారు. ఆ రోజుల్లో అందరి ఫోన్లలోనూ ఆంధ్రా వార్తలే. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలంలో కోళ్ల ఫారాల్లో లెక్కలేనన్ని కోళ్లు చనిపోయాయి. నమూనాలు భోపాల్ పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. కాబట్టి మొదటి మాట బర్డ్ ఫ్లూ. రెండో మాట, మిల్లు మురుగు నీళ్లు తాగి ఉంటాయని. మూడో మాట ఎవరూ గట్టిగా అనలేదు. కానీ చీకటి పడేసరికి పన్నెండు రూముల్లోనూ అదే నిలబడింది. చివరి రూములో ఉండే అవ్వ దిష్టి తగిలిందని.

ముందురోజు సాయంత్రం అవ్వ మా పెరట్లోకి వచ్చిన మాట నిజం. కొంగులో నూకలు తెచ్చి కోళ్లకు చల్లింది. "ఎంత ముద్దుగున్నయి బిడ్డా, ఒక్కొక్కటి రెండు కిలోలు తూగుతది" అన్న మాటా నిజమే. ఆ మాట విన్నవాళ్లు ముగ్గురున్నారు. తెల్లారి కోళ్లు పడిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కాబట్టి మొదటిదే రెండోదానికి కారణమని తేల్చేశారు. అంతకు నెల ముందు ఒక ఒడియా ఇంట్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, అవ్వ ఆ బిడ్డను ఎత్తుకున్న సంగతి ఇప్పుడు మళ్లీ బయటికి వచ్చింది. ఒక అనుమానం పుడితే పాత సంగతులన్నీ దాని చుట్టూ ఎలా చేరతాయో కళ్లారా చూశాం.

అవ్వది జనగామ దగ్గరి పల్లె. భర్త మగ్గం పనికి సూరత్ తీసుకొచ్చాడు. ఆయన పోయి పదిహేనేళ్లు. కొడుకు భివండిలో ఉంటాడు, ఎప్పుడో గానీ రాడు. రంగుల మిల్లు గోదాములో దారాలు ఏరుతూ ఆమె బతుకుతోంది. ఆ రాత్రి కొళాయి దగ్గరకు ఆమె బిందె పట్టుకుని వస్తే ఇద్దరు ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు లాక్కున్నారు. రూముల మాలిక్ మనిషి వచ్చి, "పంచాయితీ ఎందుకు, ముసలమ్మను వేరే చోట చూసుకోమని చెప్పండి" అని మాకే చెప్పాడు. చనిపోయినవి మా కోళ్లు గనక, నిర్ణయం కూడా మాదే అన్నట్టు అందరూ మా వైపు చూశారు. కారణం తెలిసేదాకా ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదని చెప్పి తలుపు దగ్గరికి వేశాం.

అవ్వ మాత్రం ఏడవలేదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం లేచినప్పుడు లక్షల మంది రైళ్లెక్కి వెళ్లిపోయారు. ఆ జనంలో అవ్వ కూడా ఉంది. "ఊరికి పోతే మా వదినె బావి దగ్గరికి రానియ్యలే బిడ్డా. సూరత్ నుంచి రోగం మోసుకొచ్చిన అన్నది. నాకు జరం గూడ లేదప్పుడు. ఇది రెండోసారి, అంతే" అంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే మనిషి ముందు మళ్లీ అదే మాట.

ధమ్మం నేర్చుకునే ఇళ్లలో హేతువు అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆదివారం వందన తర్వాత దాని గురించి మాట్లాడుకోవడం సులువే. ఆ రాత్రి అది చేతి పని అయింది. క్యాలెండరు కాగితం వెనక గీతలు గీసి, చనిపోయినవి ఒకవైపు, బతికినవి ఒకవైపు రాసుకున్నాం. ఏమి తిన్నాయి, ఏమి తాగాయి, ఎక్కడ తిరిగాయి, ఎక్కడ పడుకున్నాయి అని ఒక్కొక్క కోడికీ నాలుగు గళ్లు.

చచ్చినవాటి గురించి అందరూ మాట్లాడుతున్నారు. దారి చూపినవి మాత్రం బతికినవే. మూడు కోళ్లకు ఏమీ కాలేదు. ఒకటి గంప కింద పదకొండు గుడ్లు పొదుగుతున్న పెట్ట. రెండోది కుక్క కరిచి కాలు దెబ్బతిన్న పెట్ట, వారం రోజులుగా మంచం కోడుకు కట్టేసి ఉంది. మూడోది అన్నిట్లోకీ చిన్న పిల్ల. మేత దగ్గర పుంజు దాన్ని ఎప్పుడూ తరిమేది.

ఇక ఒక్కొక్క అనుమానం పక్కన ఈ మూడింటినీ పెట్టి చూశాం. అవ్వ చల్లిన నూకలు? కట్టేసిన పెట్టకు అవ్వ తన చేత్తోనే గుప్పెడు పెట్టింది. పొదిగే పెట్ట గంప దగ్గరా వేసింది. రెండూ బాగున్నాయి. నీళ్లు? అన్నీ తాగేది ఒకే మట్టి చిప్పలోవి. వీటికీ అవే పోశాం. అంటురోగం? పొదిగే పెట్టా, మిగిలినవీ రాత్రి పడుకునేది ఒకే గూట్లో, ఒకే గాలి. అంటురోగమైతే ఒకటి ముందు, ఒకటి వెనక, రెండు మూడు రోజుల మీద పోతాయి. తొమ్మిది కోళ్లు ఒక్క పగటిలో, అదీ పుష్టిగా ఉండి ముందుగా మేత మీద పడేవే ముందు పోవడం వేరే సంగతి చెబుతోంది. బతికిన మూడింటిలో రెండు ఆ ఉదయం గట్టు దాటలేదు. మూడోది దాటినా మిగతావాటి మధ్య మేతకు నోచుకోనిది.

దిష్టి గడి మాత్రం ఖాళీగా మిగిలింది. అది తగిలిందని ఎవరైనా అనొచ్చు. తగల్లేదని చూపడానికి ఏ దారీ లేదు. పరీక్షకు నిలబడని కారణాన్ని ఎవరూ ఓడించలేరు. దాని బలమంతా అక్కడే ఉంది. దాని చేతికి చిక్కిన మనిషికి తన మాట చెప్పుకునే వీలే ఉండదు.

తెల్లవారి 1962కు ఫోన్ చేశాం. పశువైద్యానికి గుజరాత్‌లోనే కాదు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార వాహనాల నంబరు ఇదే. వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసామె. మా కాగితం చూసి, ముందు దూరం నుంచే ప్రశ్నలు అడిగింది. తల వాచిందా? తురాయి, గడ్డం కింది తోలు నీలంగా మారాయా? కాళ్ల మీద ఎర్రటి మచ్చలున్నాయా? ఇవి బర్డ్ ఫ్లూలో కనిపించే గుర్తులు. పచ్చటి రెట్ట వేశాయా, మెడలు మెలితిరిగాయా, నోరు తెరిచి గురకగా ఊపిరి తీశాయా? ఇవి రాణిఖేత్ గుర్తులు. మన పల్లెల్లో కొక్కెర తెగులు అనేది దీన్నే. మేము అన్నిటికీ లేదనే చెప్పాం. అయినా ఆమె మాస్కు, చేతి తొడుగులు వేసుకున్నాకే కోళ్లను ముట్టుకుంది. ముందు ముక్కు, గొంతు నుంచి నమూనాలు తీసి మంచు పెట్టెలో పెట్టింది. "లేదనిపిస్తోంది. కానీ అనిపించడం చాలదు" అని హిందీలో అంది.

ఆ మాటకు ఈ ప్రాంతంలో పెద్ద కథే ఉంది. మా తాలూకాలోని చల్థాన్, గంగాధరా స్టేషన్ల మీదుగా తాపీ లైను రైలు ఎక్కి తూర్పుకు పోతే దాదాపు వంద కిలోమీటర్లలో నవాపూర్ వస్తుంది. స్టేషను సగం గుజరాత్‌లో, సగం మహారాష్ట్రలో ఉంటుంది. 2006 మొదట్లో అక్కడి కోళ్ల ఫారాల్లో కోళ్లు వేలల్లో చనిపోసాగాయి. ఏటా వచ్చే రోగం కాబట్టి మొదట రాణిఖేతే అనుకున్నారు. భోపాల్‌లోని ఉన్నత భద్రతా పశు వ్యాధుల ప్రయోగశాలలో పరీక్ష చేశాక, ఫిబ్రవరి 18న అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని ప్రకటించారు. దేశంలో బర్డ్ ఫ్లూ అధికారికంగా నిర్ధారణ కావడం అదే మొదటిసారి. కొద్ది రోజుల్లోనే సరిహద్దుకు ఇవతల, అప్పట్లో సూరత్ జిల్లాలో ఉన్న ఉచ్ఛల్‌లోనూ బయటపడింది. లక్షల కోళ్లను చంపి పూడ్చారు. పెరటి కోళ్లను కూడా ఇల్లిల్లూ తిరిగి పట్టుకెళ్లారు. ఇప్పుడు ఉచ్ఛల్ తాపీ జిల్లాలో ఉంది.

నవాపూర్ గురించి ఆలోచిస్తే ఒక సంగతి తెలుస్తుంది. తప్పు కారణం చెప్పేది మూఢనమ్మకం ఒక్కటే కాదు. అనుభవం కూడా చెబుతుంది. రాణిఖేత్ నిజమైన రోగమే. హిమాలయాల్లోని రాణిఖేత్ ఊళ్లో 1920లలో గుర్తించడంతో మన దేశంలో దానికా పేరు వచ్చింది. టీకా ఉంది, లక్షణాలు పుస్తకాల్లో ఉన్నాయి. అయినా తెలిసిన పేరు నోటికి వచ్చింది కదా అని పరీక్ష ఆపేస్తే, ఆ పేరు దిష్టి చేసే పనే చేస్తుంది. ప్రశ్నను మూసేస్తుంది. మన గోదావరి జిల్లాల తర్వాత నెల రోజులకే, 2025 మార్చిలో, పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూ సోకి మరణించింది. కోడి చావును తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

డాక్టరమ్మ ఒక పెట్ట మెడ కింద మేత నిలిచే సంచిని కోసి తెరిచింది. అందులో గడ్డి, రెండు పురుగులు, వాటి మధ్య ఇసుక కంటే పెద్దవి, ఆవాల కంటే చిన్నవి అయిన ముదురు రంగు గుళికలు. ఘాటైన వాసన. కందనకాయలోనూ కొన్ని ఉన్నాయి. "మీ పక్కన ఎవరైనా కొత్తగా చెరకు వేశారా?" అని అడిగింది. అప్పటికి ఎనిమిది రోజుల క్రితమే బీడు పొలాన్ని ఒక రైతు కౌలుకు తీసుకుని దున్నించాడు. మేము ఆమెతో పాటు గట్టు ఎక్కాం. చెరకు ముచ్చెలు పెట్టిన సాళ్లలో మట్టి కప్పి ఉంది. సాలు మలుపు తిరిగే చోట, గట్టు పక్కన మాత్రం అవే గుళికలు గుప్పెళ్లుగా ఒలికి ఉన్నాయి. రెండు గోరింకలు అక్కడే చచ్చిపడి ఉన్నాయి. గట్టు కింద చిరిగిన సంచి ముక్క మీద పుర్రె బొమ్మ, ఎర్ర త్రికోణం.

చెరకులో వేరును, మొవ్వును తినే పురుగులకు గుళికల మందు వేస్తారు. కార్బోఫ్యూరాన్, ఫోరేట్ వంటివి ఈ రకం. ఫోరేట్‌ను మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు. పక్షులకు గుళిక గింజలా, ఇసుక రాయిలా కనిపిస్తుంది. కోడికి పళ్లుండవు. మేత నలగడానికి చిన్న రాళ్లు ఏరుకుని మింగడం దాని అలవాటు. ఇలా పక్షులు చనిపోతున్నాయనే అమెరికాలో 1990లలో కార్బోఫ్యూరాన్ గుళికల వాడకాన్ని దాదాపు ఆపేశారు. ఇక్కడి గుళికలు ఏ మందువో కచ్చితంగా చెప్పాలంటే ప్రయోగశాలే చెప్పాలి. కానీ ఈ జాతి మందులన్నీ చేసే పని ఒక్కటే. నరం కండరానికి కదలమని చెప్పడానికి ఒక పదార్థాన్ని వదులుతుంది. పని అయ్యాక దాన్ని తుడిచే పని ఒక ఎంజైముది. ఈ మందు ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. అప్పుడు కండరాలు ఆగకుండా అదురుతాయి, నోటి వెంట చొంగ కారుతుంది, కాళ్లు చచ్చుబడతాయి, చివరికి ఊపిరి ఆగుతుంది. మేము ముందురోజు చూసింది సరిగ్గా అదే. గోడ పక్కన వణుకుతున్న పెట్టకు, పిల్లకు డాక్టరమ్మ అట్రోపిన్ సూది వేసింది. పెట్ట సాయంత్రానికి లేచి నిలబడింది. పిల్ల నిలవలేదు. అలా పది.

కారణం దొరికింది కదా అని అక్కడితో ఆగిపోతే మళ్లీ "ఎవరు?" అనే ప్రశ్నే మిగిలేది. రూముల్లో కుర్రాళ్లు అప్పుడే రైతు మీదికి పోదామని లేచారు. అవ్వ పేరు పోయి రైతు పేరు వచ్చింది, అంతే తేడా. మేము ఇంకొక మెట్టు దిగి అడిగాం. గుళికలు చల్లిందెవరు? పక్క పల్లె హళపతి ఆడవాళ్లు. దక్షిణ గుజరాత్ చెరకు పొలాల్లో తరాలుగా కూలి చేసే ఆదివాసీలు వాళ్లు. బకెట్లో మందు పోసుకుని ఉత్త చేతులతో చల్లారు. వాళ్లలో ఒకామె మాతో, "ఆ మందు వేసిన రోజు రాత్రి తల తిరుగుతుంది, కళ్లు మసకవుతాయి, మాకు అలవాటే" అంది. మా కోళ్లను చంపిన మందే ఆమె చేతుల మీదుగా పోయింది. సాలు చివర ఎందుకు ఒలికింది? అక్కడ బకెట్ మార్చుకుంటారు. మట్టి ఎందుకు కప్పలేదు? చీకటి పడింది, కూలి ఎకరా లెక్కన, రోజు లెక్కన కాదు. సంచి మీద హెచ్చరిక రాసి ఉంది కదా? వాళ్లలో చదవగలిగినవాళ్లు లేరు. రైతుకు మందు ఇచ్చిన దుకాణం అతను మోతాదు చెప్పాడు, మట్టి కప్పమని చెప్పాడు, పక్కన కోళ్లున్నాయా అని అడగలేదు. మా రూముల్లోని పిల్లలు రోజూ ఆ గట్టు మీదుగానే అంగన్‌వాడీకి పోతారు. కారణం దొరక్కపోతే రేపు ఆ గట్టు మీద కూర్చుని మట్టిలో ఆడుకునేది వాళ్లే.

రైతుతో మాట్లాడింది డాక్టరమ్మే. అతను వచ్చి చూసి, ఆ సాయంత్రమే ఒలికిన గుళికలు గుంత తీసి పూడ్పించాడు, గట్టు పొడుగునా మట్టి కప్పించాడు. ఇకపై మందు వేసే ముందురోజు రూముల్లో చెబుతానన్నాడు. తర్వాత రెండుసార్లు చెప్పాడు కూడా. ఆడవాళ్లు ఇప్పుడు చేతులకు పాలిథిన్ సంచులు కట్టుకుంటున్నారు. చేతి తొడుగులు ఇంకా రాలేదు.

చనిపోయిన కోళ్లను కూరకు అడిగినవాళ్లు ఇద్దరున్నారు. ఇవ్వలేదు. విషం కోడి ఒంట్లోనే ఉంటుంది, కుక్క తిన్నా ప్రమాదమే. మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. పది రోజులకు నమూనాల సంగతి తెలిసింది. బర్డ్ ఫ్లూ లేదు.

ఆ ఆదివారం మరాఠీవాళ్ల రూములో వందనకు అందరం కలిశాం. క్యాలెండరు కాగితం గోడకు అంటించి, ఏ కోడి ఏం తిన్నదీ, ఏది బతికిందీ మూడు భాషల్లో చెప్పుకున్నాం. అవ్వ నూకలు తిన్న పెట్టను కాలికి తాడుతో సహా తెచ్చి మధ్యలో కూర్చోబెడితే పిల్లలు నవ్వారు. ఎవరూ అవ్వను నోరు తెరిచి క్షమాపణ అడగలేదు. కానీ మర్నాడు కొళాయి దగ్గర మావ్షీ అవ్వ బిందెను తానే పట్టి నింపింది. మాలిక్ మనిషి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "కోళ్లు పోతే మల్ల కొనుక్కుంటరు బిడ్డా. పేరు పోతే నేనేడ కొనుక్కుందు?" అని మాతో అంది అవ్వ.

ఆమె మాట చిన్నది కాదు. మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనే నిందతో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు మనం ఎన్నిసార్లు చదవలేదు? ఇక్కడి ఆదివాసీ పల్లెల్లో దాన్నే డాకణ్ అంటారు. ఎక్కువగా బలయ్యేది ఒంటరి ఆడవాళ్లే, ముసలివాళ్లే, కాస్తో కూస్తో భూమి ఉన్న విధవలే. బిహార్ 1999లోనే మంత్రగత్తె నిందకు వ్యతిరేకంగా చట్టం చేసింది. నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర చేసింది. 2024లో గుజరాత్ అసెంబ్లీ కూడా చేతబడి, నరబలి వంటి ఆచారాలకు వ్యతిరేకంగా చట్టం చేసింది. చట్టాలు కావలసినవే. కానీ చట్టం పోలీసు వచ్చాక మొదలవుతుంది. నింద మాత్రం కొళాయి దగ్గర, బిందె పక్కకు లాక్కున్నప్పుడే మొదలవుతుంది. అక్కడ దాన్ని ఆపగలిగేది పక్కింటివాళ్లే.

మిత్రులారా, మీలో చాలామంది ఇళ్లలో కోళ్లుంటాయి. రేపు మీ పెరట్లో ఇలా జరిగితే ఎవరి పేరూ ఎత్తకముందు ఈ ప్రశ్నలు అడగండి. ఎన్ని పోయాయి, ఎంత సేపట్లో పోయాయి? ముందు పోయినవి బలమైనవా, బలహీనమైనవా? బతికినవి ఏవి, అవి ఏ విషయంలో వేరుగా ఉన్నాయి? గడిచిన రెండు రోజుల్లో మేతలో, నీళ్లలో, తిరిగే చోటులో కొత్తగా వచ్చిందేమిటి? కాకులు, గోరింకలు, బాతులు కూడా పడిపోతున్నాయా? జవాబులు కాగితం మీద రాయండి. చనిపోయిన కోళ్లను ఉత్త చేతులతో ముట్టుకోకండి, కోయకండి, ఎవరికీ ఇవ్వకండి. పిల్లల్ని దూరంగా ఉంచి 1962కు గానీ, దగ్గరి పశువుల దవాఖానకు గానీ చెప్పండి. రాణిఖేత్‌కు టీకా ఉంది, మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, రెండు నెలలకు ఒక సూది. తప్పకుండా వేయించండి. పురుగుమందు సంచి మీది త్రికోణం చూడటం పిల్లలకు నేర్పండి. ఎరుపు అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్లు కూడా రంగు గుర్తుపట్టగలరు.

నింద వేయడానికి ఒక్క నిమిషం చాలు. కారణం వెతకడానికి మాకు రెండు రోజులు పట్టింది, ఒక కాగితం, ఒక డాక్టరమ్మ కావలసి వచ్చారు. ఆ రెండు రోజులు ఓపిక పట్టినందుకు ఒక ముసలమ్మ గది నిలిచింది, గట్టు మీద నడిచే పిల్లలకు ముప్పు తప్పింది. పేదవాళ్లకు పరిశోధన ఎందుకు అంటారు. పేదవాళ్లకే అది ముందు కావాలి. కారణం తెలియని ప్రతిచోటా దాని భారం వచ్చి పడేది వాళ్ల మీదే.